క్యాలెండర్ మీద అంటించిన తొమ్మిది



ఈ ఏడాది మన సంఘం క్యాలెండర్ అందుకున్నవాళ్ళంతా దాదాపు ఒకే మాట అడుగుతున్నారు. మొదటి పేజీ అడుగున పొడుగ్గా ఒక సంఖ్య ఉంది. అందులో ఒక అంకె మీద గోరంత తెల్ల కాగితం అంటించి, దాని మీద పెన్నుతో 9 అని రాసి ఉంది. "ఇదేం అచ్చు? డబ్బులు తక్కువ పడ్డాయా?" అని ఒకరు, "జాతకం లెక్కనా?" అని ఇంకొకరు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాం. తప్పు ప్రెస్సువాళ్ళది కాదు, మాది. మేము ఏది ఇచ్చామో వాళ్ళు అదే అచ్చు వేశారు.

దీపావళి సెలవుల్లో మన హాల్లో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే తరగతి పెట్టిన సంగతి మీకు తెలుసు. షోలాపూర్లో పుట్టి మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పోయే పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయమంటే నాగరిలో రాస్తారు. మూడో రోజుకే అ ఆ ఇ ఈ అంటే ఆవలింతలు మొదలయ్యాయి. వెనక బెంచీ మీద రోజూ పేపరు చదువుకునే తాత ఒకాయన ఉన్నాడు కదా, జకార్డు అట్టలు కొట్టిన తాత, ఆయన ఆ రోజు పేపరు మడిచి "నేనొక పద్యం చెప్త, ఇనుండ్రి" అని ఎత్తుకున్నాడు. గొంతు బాగుంటుంది. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మళ్ళీ చెప్పమన్నారు. నాలుగుసార్లు చెప్పించుకున్నారు.

అర్థం ఏంటి తాతా అంటే, "నాకేమెరుక బిడ్డా? మా బాపు మగ్గం మీద కూసుంటె ఇదే పాడుతుండె. చదరంగం లెక్క అనేటోడు" అన్నాడు. ఆయన బాపు బడికి పోయినవాడు కాదు. ఆ పద్యం ఎక్కడ నేర్చాడో తాతకూ తెలియదు. పద్యాన్ని ఇక్కడ రాయడం లేదు. శనివారం సాయంత్రాలు తాత హాల్లోనే ఉంటాడు, ఆయన నోట వినండి.

అప్పుడు మన లెక్కల సారు కలగజేసుకున్నారు. సారు రిటైరయ్యే దాకా మరాఠీలో లెక్కలు చెప్పినవారు, తెలుగు చదవడం యాభై దాటాక నేర్చుకున్నారు. పద్యం వినగానే "ఇవి మాటలు కావు, అంకెలు" అన్నారు. పాత కాలంలో శాస్త్రం కూడా పద్యంలోనే చెప్పేవారు. పద్యంలో వరసగా ఏడు, మూడు, ఏడు అని పెడితే ఛందస్సూ కుదరదు, గుర్తూ ఉండదు. అందుకని అంకెకు బదులు వస్తువు పేరు వాడతారు. చంద్రుడంటే 1, ఒక్కడే కనుక. వేదాలంటే 4. మన్మథుడి బాణాలు 5. అగ్నులు 3. ఆకాశమంటే ఖాళీ, సున్నా. ఒక్కో వస్తువుకు మన భాషలో పది పేర్లు ఉంటాయి కాబట్టి కవి ఛందస్సుకు ఏది సరిపడితే ఆ పేరు తీసుకుంటాడు. ఇంకో కిటుకు ఏమిటంటే, పద్యంలో మొదట వచ్చేది ఒకట్ల స్థానం. అంటే కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

ఈ పద్యం పావులూరి మల్లనదని చెప్పుకుంటారు. సుమారు పదకొండో శతాబ్దం మనిషి. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినవాడు. ఆ మహావీరుడు తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్నవాడు. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అంటే ఇప్పటి మల్ఖేడ్. మనం హైదరాబాద్ పోయే రైలు వాడి దాటాక ఆ పేరున్న స్టేషను మీదుగానే పోతుంది, మనం నిద్రపోతుంటాం. ఎక్కడి లెక్క ఎక్కడికి పోయి తెలుగై, మగ్గం పాటగా మన గల్లీకి తిరిగొచ్చిందో చూడండి అని సారు అంటే మాకు ఒళ్ళు జలదరించింది. పిల్లలకు అదేమీ పట్టలేదు. వాళ్ళకు చదరంగం కావాలి.

చదరంగం కథ మీకు తెలిసిందే. ఆట కనిపెట్టినవాణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమంటే, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇట్లా అరవైనాలుగు గడులకూ రెట్టింపు చేసుకుంటూ ఇమ్మన్నాడు. రాజు నవ్వి సరే అన్నాడు. తర్వాత నవ్వు పోయింది. ఆ మొత్తం ఎంతో సుమారు 1000వ సంవత్సరంలోనే అల్ బిరూనీ తన పుస్తకంలో లెక్కగట్టి పెట్టాడు. మనవాడు అదే మొత్తాన్ని పద్యంలో పెట్టాడు.

మొత్తం కట్టడానికి అరవైనాలుగు కూడికలు అక్కరలేదు. ఒకటి, రెండు కలిపితే మూడు, అంటే తర్వాతి గడి నాలుగుకు ఒకటి తక్కువ. ఒకటి, రెండు, నాలుగు కలిపితే ఏడు, ఎనిమిదికి ఒకటి తక్కువ. ఎక్కడ ఆగినా, అప్పటిదాకా పోసినదంతా తర్వాతి గడికి ఒక్క గింజ తక్కువే ఉంటుంది. కాబట్టి అరవైఐదో గడి ఉంటే అందులో ఎన్ని గింజలు పడతాయో చూసి ఒకటి తీసేస్తే చాలు. అంటే రెండును అరవైనాలుగు సార్లు వేసి గుణించి, ఒకటి తీసేయడం.

పిల్లలు పద్యాన్ని నాగరి లిపిలోనే రాసుకున్నారు. మేము చిన్నబుచ్చుకున్నాం గానీ ఏం చేస్తాం, తాత వేగానికి తెలుగులో రాయలేరు. తీరా చూస్తే మరాఠీ చదువు పనికొచ్చింది. చంద్ర, వేద, అగ్ని, గగన, గిరి, ఇవన్నీ వాళ్ళ బడి పుస్తకంలో ఉన్న మాటలే. మనం పెద్దవాళ్ళమే తడబడ్డాం. ఒకచోట ఆకాశం, కొండ, నిప్పు మూడూ సంధిలో కలిసిపోయి ఒకే మాటలా వినిపిస్తే, అదేదో దేవుడి పేరు అనుకున్నాం. ఏడో తరగతి పిల్ల ఒకతి, బట్ట ఉతికి ఆరేసినట్టు దాన్ని మూడు ముక్కలు చేసి పెట్టింది.

పట్టిక తయారైంది. ఏనుగంటే దిక్కులు కాసే ఏనుగులు, 8. బ్రహ్మ ముఖాలు 4. తర్కమంటే దర్శనాలు, 6. కొండలు 7. సముద్రం రెండుచోట్ల వచ్చింది. సప్త సముద్రాలు కదా అని పిల్లలు రెండుచోట్లా 7 వేశారు. ఇరవై అంకెల సంఖ్య ఒకటి నిలబడింది.

సరిగ్గా ఉందో లేదో ఎట్లా చూడాలి? సారు పెట్టిన నియమం ఏమిటంటే ఫోన్లో వెతకొద్దు. వెతికితే అర నిమిషంలో దొరుకుతుందని మాకూ తెలుసు. అట్లా వెతికి ఉంటే ఈ వ్యాసమూ ఉండేది కాదు, కాగితం అంటించే పనీ ఉండేది కాదు.

సారు మొదట తొమ్మిది పరీక్ష నేర్పారు. మన పాత గుమాస్తాలు చిట్టా సరిచూసుకునే పద్ధతే. ఏ సంఖ్య అయినా దాని అంకెలన్నీ కూడి, వచ్చినదాని అంకెలు మళ్ళీ కూడి ఒక్క అంకెకు దింపితే, ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే మిగిలేది తెలుస్తుంది. ఇప్పుడు రెట్టింపులను అట్లా దింపుకుంటూ పోండి. 2, 4, 8, తర్వాత 16 అంటే 7, తర్వాత 32 అంటే 5, తర్వాత 64 అంటే 1, మళ్ళీ 2. ఆరింటికొకసారి తిరిగి మొదలవుతుంది. అరవైనాలుగో రెట్టింపు అంటే పది చుట్లు తిరిగి నాలుగోది, 7. ఒకటి తీసేస్తే 6. అంటే సంఖ్య ఎంత పెద్దదైనా కానివ్వండి, దాన్ని చూడకుండానే దాని అంకెలు కూడితే చివరికి 6 రావాలని మనకు ముందే తెలుసు.

పిల్లల సంఖ్య అంకెలు కూడితే 84. దింపితే 12, ఆపైన 3. తప్పు.

ఎక్కడ తప్పు? సారు తన పాత నోటు పుస్తకంలో చూస్తే, ఈ లెక్కల్లో సముద్రానికి మామూలుగా నాలుగే అని ఉంది. దిక్కుకొకటి. రెండుచోట్లా 7 తీసి 4 వేశారు. కూడితే 78. దింపితే 15, ఆపైన 6. హాలంతా చప్పట్లు. ఒక పిల్లవాడు ఫోన్ కాలిక్యులేటర్లో రెండును అరవైనాలుగు సార్లు నొక్కితే మొదటి పది అంకెలు చూపించి మిగతాది మింగేసింది. ఆ పది అంకెలూ మన పద్యంతో కలిశాయి. చివరి అంకె కూడా కలిసింది. రెట్టింపుల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగింటికొకసారి తిరుగుతాయి కనుక అరవైనాలుగోది 6తో ముగుస్తుంది, ఒకటి తీస్తే 5, పద్యంలో మొదటి మాట బాణమే. ముందు సరి, వెనక సరి, తొమ్మిది పరీక్ష సరి. ఇంకేం కావాలి అనుకుని మేము దాన్ని క్యాలెండర్ కమిటీకి పంపేశాం. తాత బాపు పాడిన పద్యం, తెలుగువాళ్ళ పెద్ద లెక్క, క్యాలెండర్ మీద పడాలని మా అందరి ఉబలాటం. ఏడు వందల కాపీలు వచ్చాయి.

క్యాలెండర్లు పంచే రోజు ఆ ఏడో తరగతి పిల్ల తాత పక్కన కూర్చుని ఒక్కో మాటకు ఒక్కో అంకె వేలితో చూపిస్తూ చెబుతోంది. బాణం అయిదు, చంద్రుడు ఒకటి, ఇట్లా ఏడో మాట దాకా పోయి "రంధ్రం, సున్నా" అంది. తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"రంధ్రం సున్న ఎట్లయితది బిడ్డా?"

"తూటు కదా తాతా, అందులో ఏముంటది? ఖాళీ."

"నీ ఒంటికి ఎన్ని తూట్లున్నయో లెక్కవెట్టు."

పిల్ల లెక్కపెట్టింది. కళ్ళు రెండు, చెవులు రెండు, ముక్కు రెండు, నోరు. ఏడు అని ఆగి, సిగ్గుపడి నవ్వింది. "ఇంక రెండు చెప్పకు గని, తొమ్మిది. తొమ్మిది తూట్ల తిత్తి అని తత్వాలల్ల ఇనలేదా?" అన్నాడు తాత.

మేమెవరమూ వినలేదు. వినలేదనడం కూడా సరికాదు. చావు ఇళ్ళలో భజన చేసేవాళ్ళు పాడుతుంటే విన్నాం, పట్టించుకోలేదు.

ఇక్కడ మాలో మాకు గొడవైంది. దాచడం దేనికి? ఏడు వందల కాపీల ఖర్చు ఉంది, పైగా సగం అప్పటికే పంచేశాం. ఒక వర్గం, మేము కూడా అందులోనే ఉన్నాం, "పరీక్ష చేశాం కదా, 6 వచ్చింది కదా, తాతకు పద్యం అర్థమే తెలియదని ఆయనే చెప్పాడు కదా" అని వాదించింది. లెక్క మీద ఉన్న నమ్మకం అనుకున్నాం గానీ, అది ఖర్చు మీద ఉన్న భయం. సారు ఏమీ మాట్లాడకుండా కాగితం తీసుకుని ఆ సున్నా తీసి 9 వేసి కూడారు. 87. ఇంతకు ముందు 78. రెండూ దింపితే 15, రెండూ 6.

ఒక్క అంకె తప్పుపడినప్పుడు తొమ్మిది పరీక్షకు ఉన్న ఒకే ఒక్క గుడ్డి చోటు అది. మిగతా ఏ అంకె ఒక్కటి మారినా పట్టుకుంటుంది. సముద్రాలను పట్టుకుంది చూశారుగా. కానీ తొమ్మిది ఎత్తిపోయి సున్నా పడితే మాత్రం దానికి తెలియదు. తొమ్మిదితో భాగించేటప్పుడు తొమ్మిదీ సున్నా ఒకటే. మేము పడిన తప్పు సరిగ్గా ఆ గుడ్డి చోట్లోనే పడింది. ఆ అంకె ఎడమ నుంచి పద్నాలుగోది, ఫోన్ చూపించిన పదింటిలోనూ లేదు.

అయితే తేల్చేదెట్లా? తాత మాట మీద గౌరవంతో 9 వేయడం ఒక పద్ధతి. సారు ఒప్పుకోలేదు. "పెద్దాయన చెప్పాడని వేస్తే, రేపు ఇంకో పెద్దాయన ఇంకోటి చెబుతాడు. సంఖ్యనే అడుగుదాం" అన్నారు. పదకొండు పరీక్ష పెట్టారు. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడాలి. విడిచినవి వేరే కూడాలి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, మిగిలినదాన్ని పదకొండుతో భాగించాలి. ముందు రావలసినదెంతో చూశారు. రెట్టింపులను పదకొండుతో భాగిస్తే మిగిలేవి 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1. పదింటికొకసారి తిరుగుతాయి. అరవైనాలుగోది అంటే ఆరు చుట్లు తిరిగి నాలుగోది, 5. ఒకటి తీస్తే 4 రావాలి.

మేము అచ్చు వేసిన సంఖ్య: 53లోంచి 25 పోతే 28, పదకొండుతో భాగిస్తే మిగిలేది 6. తప్పు.

తాత చెప్పిన సంఖ్య: 62లోంచి 25 పోతే 37, మిగిలేది 4.

హాలు నిశ్శబ్దం. తాత మాత్రం టీ తాగుతున్నాడు.

అయినా పిల్లలు వదల్లేదు, మొత్తం గుణించి చూస్తామన్నారు. దీనికీ ఒక దగ్గర దారి ఉంది. రెండును రెండుతో గుణిస్తే 4. నాలుగును దానితోనే గుణిస్తే 16. పదహారును పదహారుతో 256. దాన్ని దానితో 65536. దాన్ని దానితో 4294967296. దాన్ని దానితో ఒక్కసారి గుణిస్తే అయిపోయింది. ఆరే గుణకారాలు. చివరిది మాత్రం హాలు నేల మీద పేపర్లు పరిచి గంటన్నర చేశారు. రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారి వచ్చింది. ఒకటి తీసేశారు.

18446744073709551615.

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చదవాలంటే, లక్షా ఎనభైనాలుగు వేల నాలుగు వందల అరవైయేడు కోట్ల కోట్లు, ఆపైన నలభైనాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆపైన తొంభైఐదు లక్షల యాభైఒక్క వేల ఆరు వందల పదిహేను. మన ఊరి జొన్నలతో చూద్దామని వెయ్యి గింజలు ముప్పై గ్రాములనుకుని లెక్క వేశాం. యాభైఐదు వేల కోట్ల టన్నులు దాటింది. ప్రపంచమంతా కలిపి ఇప్పుడు ఏడాదికి పండే జొన్న సుమారు ఆరు కోట్ల టన్నులు. రాజుగారి బాకీ తీరడానికి తొమ్మిది వేల ఏళ్ళు పడుతుంది.

మరి మా తప్పు ఎంత? ఆ అంకె పది లక్షల స్థానంలో ఉంది. తొమ్మిదికి సున్నా అంటే తొంభై లక్షల గింజలు, రెండు వందల డెబ్బై కిలోలు. అంత కుప్పలో అదొక లెక్కా అని మాలో ఒకరన్నారు. తాత ఊరుకోలేదు. "మూడు బస్తాలు కాస్త తక్కువ. నీ ఇంట్ల కెల్లి ఎత్కపోతె ఊకుంటవా?" అన్నాడు.

ఆయన అంతటితో ఆగి ఉంటే ఈ రాతా ఇక్కడ ఆగేది. మర్నాడు ఆయన ఇంటి నుంచి ఒక జకార్డు అట్ట తెచ్చాడు. మీలో కార్ఖానా లోపలికి పోనివాళ్ళు కూడా ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి చెబుతున్నాం. చద్దరు మీద పువ్వు, నెమలి రావాలంటే ప్రతి పేక పోగుకు ఒక అట్ట ఉంటుంది. అట్ట మీద కొన్నిచోట్ల తూట్లు ఉంటాయి, కొన్నిచోట్ల ఉండవు. తూటు ఉన్నచోట సూది లోపలికి దిగుతుంది, కొక్కెం నిటారుగా నిలబడుతుంది, పడుగు పోగు పైకి లేస్తుంది. తూటు లేనిచోట అట్ట సూదిని నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు లేవదు. ముప్పైయేళ్ళు ఆయన చేసిన పని ఆ తూట్లు కొట్టడమే. ఒక్క తూటు తప్పితే చద్దరు పొడుగునా నెమలికి కన్ను ఉండదు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ జకార్డుకు పోయింది. అట్టలు చిత్తుకు అమ్మేశారు, ఈయన నాలుగు దాచుకున్నాడు.

ఆ అట్టను కిటికీకి పట్టి ఆ పిల్లతో అన్నాడు: "తూటు ఖాళీ గాదు బిడ్డా. తూటున్నకాడనే పోగు లేస్తది. తూటు లేనిదే సున్న."

సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయనకు తట్టింది మాకు తర్వాత చెప్పారు. కంప్యూటర్ అంకెలు కూడా తూటు ఉంది, తూటు లేదు అన్న రెండు గుర్తులతోనే రాస్తారు. తూటు ఉంటే 1, లేకుంటే 0. కుడి నుంచి మొదటి చోటు విలువ ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, తర్వాత ఎనిమిది. చదరంగం గడుల విలువలే అవి. అంటే ఒక వరసలో అరవైనాలుగు చోట్లు గీసి అన్నింటిలోనూ తూట్లు కొడితే, అన్ని గడుల గింజలూ కలిసినట్టు. మన పద్యంలోని సంఖ్య అదే. అరవైనాలుగు చోట్ల వరసలో ఇంతకంటే పెద్ద సంఖ్య పట్టదు. మీ ఫోనులో, ఆఫీసు కంప్యూటర్లో లెక్కలు అరవైనాలుగు చోట్ల వరసలోనే జరుగుతాయి కాబట్టి, గుర్తు లేని పూర్ణ సంఖ్యల్లో దానికి ఒక్క వరసలో పట్టే ఆఖరిది కూడా ఇదే.

ఇక పిల్లలకు ఆశ పెరిగింది. ఈ సంఖ్యను ఏవేవి భాగిస్తాయి? 5తో ముగుస్తుంది కాబట్టి 5. అంకెల మొత్తం 87 కాబట్టి 3. ఆ తర్వాత? ఇది కూడా అట్టతోనే అర్థమైంది. అరవైనాలుగు తూట్ల వరస అంటే, ముప్పైరెండు తూట్ల వరసను పక్కపక్కన రెండుసార్లు వేసినట్టే. నేతలో డిజైను రిపీట్ అంటామే, అదే. రెండుసార్లు రిపీట్ చేయడమంటే ముప్పైరెండు తూట్ల సంఖ్యను 4294967297తో గుణించడం. ముప్పైరెండు మళ్ళీ పదహారు రిపీట్, అది 65537తో గుణించడం. పదహారు ఎనిమిది రిపీట్, 257. ఎనిమిది నాలుగు రిపీట్, 17. నాలుగు రెండు రిపీట్, 5. రెండు ఒక్క తూటు రిపీట్, 3. ఆరు మడతలు, ఆరు భాజకాలు. ఇందాక ఆరు గుణకారాలతో ఎక్కాం కదా, ఆరు మడతలతో దిగాం.

ఈ ఆరింటి వెనకా ఒక పెద్దమనిషి తప్పు ఉంది, అది విన్నాక మా మనసు కొంచెం కుదుటపడింది. ఫ్రాన్సులో ఫెర్మా అనే మహా గణితవేత్త పదిహేడో శతాబ్దంలో ఇవే 3, 5, 17, 257, 65537 చూసి, ఇవన్నీ ఇక భాగించలేని ప్రధాన సంఖ్యలు కనుక తర్వాతి 4294967297 కూడా అట్లాంటిదే, ఆ తర్వాతివన్నీ అంతే అని నమ్మాడు. మొదటి ఐదు నిజమే. ఆరోది కాదు. 1732లో ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపించాడు. 641ని 6700417తో గుణించి చూడండి. మా పిల్లలు చేశారు, పది నిమిషాల పని. దాదాపు వందేళ్ళు ఆ పది నిమిషాల పని ఎవరికీ తట్టలేదు. మొదటి ఐదూ సరిపోయాయి కదా అని ఆరోది నమ్మేయడం, మొదటి పది అంకెలూ సరిపోయాయి కదా అని పద్నాలుగోది అచ్చు వేసేయడం, పెద్ద తేడా లేదు.

కాబట్టి మన పద్యపు సంఖ్యను పూర్తిగా విడదీస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఈ ఏడింటినీ గుణిస్తే ఆ ఇరవై అంకెలు వస్తాయి. ఇంతకు మించి విడవవు.

ఖర్చు సంగతి. మళ్ళీ అచ్చు వేయించడానికి డబ్బులు లేవు. మిగిలిన కాపీలకు పిల్లలు హాల్లో కూర్చుని ఒక్కోదానికి కాగితం ముక్క అంటించి 9 రాశారు. కొన్ని తొమ్మిదులు గుండ్రంగా, కొన్ని వంకరగా ఉన్నాయి, కొన్ని నాగరి ९ కూడా ఉన్నాయి. వాటిని మార్చమని మేము చెప్పలేదు. పంచేసిన వాటిలో గల్లీలో ఉన్నవి ఇంటింటికీ పోయి సరిచేశారు. తాత కూడా వాళ్ళ వెంట రెండు గల్లీలు తిరిగాడు.

సరిచేయని కాపీలు ఇంకా నలభై దాకా ఉంటాయని మా అంచనా. భివండిలో, పుణేలో, సిరిసిల్ల వైపు చుట్టాలకు పోయినవి. మీ దగ్గర ఉంటే చూసుకోండి. కుడి నుంచి లెక్కపెట్టి ఏడో అంకె సున్నా అయితే పెన్నుతో 9 దిద్దండి. దాని పక్కన ఎడమవైపు, అంటే ఎనిమిదోది కూడా సున్నానే. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అది ఆకాశం.